పాచి, పాచిపని: రొయ్యల సాగులో బయోఫిల్మ్‌లు, వాటిని రుద్దే చేతులు

చెరువు మెట్ల మీద కాలు జారేలా చేసే పొరను పాచి అంటాం. నిద్ర లేచేసరికి పళ్ళకు పట్టి ఉండేదీ పాచే. ఇంకొకరి ఇంట్లో అంట్లు తోమి, వాకిలి ఊడ్చి బతకడాన్ని పాచిపని అంటాం. మొదటి రెండింటినీ సూక్ష్మజీవ శాస్త్రం ‘బయోఫిల్మ్’ అని పిలుస్తుంది. మూడోదాని గురించి ఆ శాస్త్రం మాట్లాడదు. కానీ కోస్తా ఆంధ్రలో ఒక రొయ్య పిల్లల హేచరీలోకి వెళ్ళినా, ప్రాసెసింగ్ ప్లాంటు వెనకాల వ్యర్థాల ట్యాంకు దగ్గర నిలబడినా ఈ మూడూ ఒకేచోట కనిపిస్తాయి.

మా మేనత్త కాకినాడ తీరంలోని ఒక హేచరీలో చాలా ఏళ్ళు ట్యాంకులు రుద్దింది. నేను సముద్ర సూక్ష్మజీవుల మీద పీహెచ్‌డీలో చేరినప్పుడు ‘ఏం చదువుతావే కోడలా?’ అని అడిగింది. ‘ట్యాంకు గోడలకు పట్టే జిగురులో ఏ బాక్టీరియా ఉంటుందో చూస్తానత్తా’ అన్నాను. ‘అయితే మేం రుద్దేదాన్నే నువ్వు చదువుతున్నావన్న మాట’ అని నవ్వింది. ఆ మాట పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. బయోఫిల్మ్ అంటే ఏమిటి, రొయ్యల సాగులో అది చేసే మేలు, కీడు ఏమిటి, మందులకు ఎందుకు లొంగదు, దాన్ని తొలగించే మనిషికి ఎలాంటి ప్రమాదాలున్నాయి, చట్టం ఆ మనిషిని ఎక్కడ నిలబెట్టింది అన్నవి ఇందులో వరసగా చూద్దాం.

బయోఫిల్మ్ అంటే

బాక్టీరియా అనగానే నీటిలో విడివిడిగా ఈదే కణాలు మనసులోకి వస్తాయి. నిజానికి వాటిలో చాలా భాగం ఏదో ఒక ఉపరితలానికి అతుక్కుని, గుంపుగా, తాము తయారుచేసుకున్న జిగురులో బతుకుతాయి. ఆ గుంపు, ఆ జిగురు కలిస్తే బయోఫిల్మ్. జిగురులో చక్కెరల గొలుసులు, ప్రోటీన్లు, చచ్చిన కణాల డీఎన్ఏ ఉంటాయి. తడి ఆరబెట్టి తూచితే చాలా బయోఫిల్మ్‌లలో కణాల వాటా పదో వంతు కూడా ఉండదు. మిగిలినదంతా జిగురే.

ఈ విషయం తెలుసుకోవడానికి శాస్త్రానికి చాలా కాలం పట్టింది. 1680లలో డచ్చి వస్త్ర వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని తాను తయారుచేసుకున్న సూక్ష్మదర్శిని కింద చూశాడు. వెనిగర్ పోస్తే పాచి పైభాగంలో ఉన్న జీవులు మాత్రమే చస్తున్నాయని గమనించాడు. 1943లో అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసిన క్లాడ్ జోబెల్, సీసాలో పట్టిన సముద్రపు నీటిలో బాక్టీరియా సీసా గోడలకు చేరి ఎక్కువ చురుగ్గా పెరుగుతోందని రాశాడు. 1978లో విలియం కాస్టర్‌టన్, ఆయన సహచరులు బాక్టీరియా ఎలా అతుక్కుంటుందో వివరిస్తూ రాసిన వ్యాసంతో ఇది ప్రత్యేక అధ్యయన రంగంగా బలపడింది. లోపల ఉన్నది బతికి బయట ఉన్నది చావడమనే లీవెన్‌హుక్ పరిశీలన ఈ వ్యాసం చివరిదాకా మనతో వస్తుంది.

ఎలా పడుతుంది

శుభ్రమైన వస్తువును సముద్రపు నీటిలో ముంచిన కొద్ది నిమిషాల్లోనే నీటిలో కరిగి ఉన్న ప్రోటీన్లు, చక్కెరలు దాని మీద కంటికి కనిపించని పూతలా పేరుకుంటాయి. కొన్ని గంటల్లో ఆ పూత మీదికి బాక్టీరియా చేరుతుంది. మొదట వదులుగా పట్టుకున్న కణాలు తర్వాత జిగురు విడుదల చేసి గట్టిగా అతుక్కుంటాయి. రోజు, రెండు రోజుల్లో డయాటమ్‌లనే ఏకకణ నాచు వస్తుంది. రోజులు, వారాలు గడిచేకొద్దీ పీచు నాచు, గొట్టపు పురుగులు, ఆల్చిప్పలు, బార్నకిల్స్ అనే గట్టి గుల్లల జీవులు వచ్చి స్థిరపడతాయి. నీటిలో మునిగిన వస్తువుల మీద జీవులు ఇలా పట్టి పెరగడాన్ని ఫౌలింగ్ అంటారు.

పెద్ద జీవుల పిల్లలు చాలావరకు ఎక్కడ పడితే అక్కడ దిగవు. కింద ఏ బాక్టీరియా పొర ఉందో ‘రుచి’ చూసి దిగుతాయి. హైడ్రాయిడెస్ ఎలెగాన్స్ అనే గొట్టపు పురుగు పిల్లలు సూడోఆల్టెరోమోనాస్ లూటియోవయోలేసియా అనే బాక్టీరియా పొర తగిలితే రూపం మార్చుకుని అక్కడే స్థిరపడతాయని హవాయిలో జరిగిన పరిశోధనలు చూపించాయి. అంటే రేపు వల కన్నులు మూసేసే గుల్లకు, ఈరోజు చేత్తో తడిమితే జారే పొరే పునాది.

సముద్రపు బోనులలో ఈ నష్టం కంటికి కనిపిస్తుంది. మన దేశంలో సముద్రంలో బోనులు వేసి చేపలు పెంచే ప్రయోగాలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007 ప్రాంతంలో విశాఖపట్నం దగ్గరే మొదలుపెట్టింది. ఫౌలింగ్ పెరిగితే వల కన్నులు మూసుకుపోతాయి. నీరు మారదు, లోపల ఆక్సిజన్ తగ్గుతుంది, వల బరువెక్కి చిరుగుతుంది. అప్పుడు వల మార్చాలి, లేదా ఎవరైనా నీటిలోకి దిగి గీకాలి. ఒకప్పుడు పడవల అడుగుకు ట్రైబ్యుటైల్ టిన్ కలిపిన రంగులు వేసేవారు. అవి నత్తల మీద, ఆల్చిప్పల మీద చూపిన విష ప్రభావం వల్ల, 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఒప్పందం ఓడల మీద వాటి వాడకాన్ని నిషేధించింది. బోను వలలకు ఇప్పుడు ఎక్కువగా వాడేది రాగి కలిసిన పూతలు. వాటి ప్రభావం కొంత కాలమే ఉంటుంది. తర్వాత మళ్ళీ చేతులే కావాలి.

హేచరీలో: చీకట్లో మెరిసే చావు

ఆంధ్రప్రదేశ్ రొయ్యల ఉత్పత్తిలో దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. 2022–23లో భారతదేశం ఎగుమతి చేసిన శీతలీకరించిన రొయ్యల విలువ 43 వేల కోట్ల రూపాయలు దాటింది. ఈ వ్యాపారమంతా ఒక చిన్న ప్రాణి మీద ఆధారపడి ఉంది. అది హేచరీలో నాప్లియస్, జోయియా, మైసిస్ దశలు దాటి సుమారు మూడు వారాల్లో చెరువుకు వెళ్ళే పిల్లగా మారుతుంది. ఈ మూడు వారాల్లో ట్యాంకు గోడ, అడుగు, గాలి గొట్టం, గాలి రాయి, నీటి పైపు అన్నీ బయోఫిల్మ్‌కు ఇళ్ళే.

ఇందులో అందరూ భయపడేది విబ్రియో జాతి బాక్టీరియాకు. ఉప్పునీటిలో ఇవి సహజంగానే ఉంటాయి. తిండి దొరికితే అరగంట లోపే రెట్టింపవుతాయి. రొయ్య పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థానికి అతుక్కోవడం, దాన్ని తినడం వీటికి బాగా తెలుసు. విబ్రియో హార్వేయి సోకితే, రాత్రి దీపాలు ఆర్పినప్పుడు ట్యాంకులోని పిల్లలు నీలి పచ్చ కాంతితో మెరుస్తాయి. చూడ్డానికి అందంగా ఉంటుంది. తెల్లారేసరికి ట్యాంకు అడుగున చచ్చిన పిల్లలు మేట వేస్తాయి.

మంగళూరు మత్స్య కళాశాలలో పనిచేసిన ఇంద్రాణి కరుణసాగర్, ఇద్య కరుణసాగర్ బృందం 1994లో, యాంటీబయాటిక్‌లకు లొంగని విబ్రియో హార్వేయి వల్ల టైగర్ రొయ్య పిల్లలు పెద్ద ఎత్తున చచ్చిపోవడాన్ని నమోదు చేసింది. 1996లో అదే బృందం, ఈ బాక్టీరియా సిమెంటు, ప్లాస్టిక్, ఉక్కు ఉపరితలాల మీద బయోఫిల్మ్ కడుతుందని, అలా కట్టుకున్న కణాలు నీటిలో తేలే కణాలకన్నా క్లోరిన్‌ను, టెట్రాసైక్లిన్‌ను బాగా తట్టుకుంటాయని చూపించింది. ట్యాంకు ఖాళీ చేసి, క్లోరిన్ కొట్టి, కొత్త నీరు, కొత్త పిల్లలు వేసినా జబ్బు మళ్ళీ ఎందుకొస్తుందో దీంతో అర్థమైంది. జబ్బు నీటితో బయటికి పోలేదు, గోడకు పట్టుకుని ఉండిపోయింది.

ఈ బాక్టీరియాకు లెక్కపెట్టుకునే అలవాటు కూడా ఉంది. ఒక్కో కణం కొన్ని రసాయన సంకేతాలను బయటికి వదులుతుంది. గుంపు చిక్కబడే కొద్దీ సంకేతం చిక్కబడుతుంది. ఒక స్థాయి దాటగానే అన్నీ కలిసి ఒకే పని మొదలుపెడతాయి. వెలుగు రావడం, విషం తయారవడం, జిగురు కట్టడం ఇలా జరిగేవే. మెరిసే సముద్ర బాక్టీరియాలో దీని తొలి ఆనవాళ్ళను 1970లో కెన్నెత్ నీల్సన్, ఆయన సహచరులు చూశారు. తర్వాత దీనికి ‘కోరం సెన్సింగ్’ అని పేరు వచ్చింది.

2009 తర్వాత చైనా, వియత్నాం, మలేసియా, థాయిలాండ్ చెరువులను దెబ్బతీసిన ‘త్వరిత మరణ’ వ్యాధి వెనక ఉన్నదీ విబ్రియోయే. విబ్రియో పారాహీమోలిటికస్‌లోని కొన్ని రకాలు ఒక ప్లాస్మిడ్ మీద మోసుకొచ్చే రెండు విష ప్రోటీన్లు రొయ్య కాలేయాన్ని కరిగించేస్తాయి. చెరువులో పిల్ల వేసిన మొదటి నెలలోనే రొయ్యలు పోతాయి. ఆ బాక్టీరియాయే కారణమని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయం బృందం తేల్చింది. ప్లాస్మిడ్ ఒక కణం నుంచి మరో కణానికి దాటగల జన్యు ముక్క. కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండే బయోఫిల్మ్ ఇలాంటి మార్పిడికి అనువైన చోటు.

పాచి అంతా చెడ్డది కాదు

ఇక్కడ ఒక పొరపాటు చేయకూడదు. చెరువులో బయోఫిల్మ్ లేకపోతే రొయ్య బతకదు. రొయ్యలు విసర్జించే వ్యర్థం, మిగిలిపోయిన మేత కుళ్ళి అమ్మోనియాగా మారుతుంది. అది విషం. గట్టుకు, లైనర్‌కు, ఏరియేటర్ రెక్కలకు, అడుగు మట్టికి పట్టిన బయోఫిల్మ్‌లోని నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. హేచరీల్లోని బయోఫిల్టర్ పనిచేసేదీ ఇలాగే. నీటిలో కర్రలు, చెరకు పిప్పి, వెదురు వేస్తే వాటి మీద పట్టే పొరను రొయ్యలు, చేపలు మేస్తాయి. మేత ఖర్చు తగ్గించడానికి దీన్ని ఒక సాగు పద్ధతిగా కూడా వాడతారు.

కాబట్టి ఏ పొర, ఎక్కడ, ఎంత మందాన, ఏ బాక్టీరియాతో అన్నదే అసలు ప్రశ్న. పొర మందమయ్యే కొద్దీ పైనున్న కణాలు ఆక్సిజన్ అంతా వాడేసుకుంటాయి. మిల్లీమీటరు లోతు కూడా దిగకముందే ఆక్సిజన్ లేని లోకం మొదలవుతుంది. అక్కడ వేరే జీవులు బతుకుతాయి. వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

మందులకు ఎందుకు లొంగదు

బయోఫిల్మ్‌లోని బాక్టీరియా నీటిలో తేలే అదే బాక్టీరియాకన్నా పది నుంచి వెయ్యి రెట్ల మోతాదు మందును తట్టుకోగలదు. ఇందుకు కారణాలు కొన్ని ఉన్నాయి. క్లోరిన్ వంటివి పై జిగురుతో చర్య జరిపి అక్కడే ఖర్చయిపోతాయి. లోపలి కణాలు తిండి, గాలి తక్కువై దాదాపు నిద్రావస్థలో ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న కణాన్నే చంపగలవు. దెబ్బ తిన్నా బతికిన కొద్ది కణాలు మళ్ళీ పొర కడతాయి. తక్కువ మోతాదు మందు మళ్ళీమళ్ళీ తగిలినచోట నిరోధకత ఉన్నవే మిగులుతాయి.

దీని ఫలితం మన తీరానికే పరిమితం కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌లు మన ఆక్వా రంగంలో నిషేధిత జాబితాలో ఉన్నాయి. అయినా అవశేషాలు బయటపడుతున్నాయని యూరోపియన్ యూనియన్ 2016లో భారత రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. తినేవాడి పళ్ళెంలోకి మందు రాకుండా కాపలా కాయడానికి రేవుల్లో ప్రయోగశాలలున్నాయి. అదే మందును చేత్తో కలిపి చెరువులో చల్లిన మనిషి రక్తాన్ని పరీక్షించే ప్రయోగశాలను నా ఫీల్డ్‌వర్క్‌లో ఎక్కడా చూడలేదు.

మందు లోపలికి పోదు కాబట్టి పొరను ముందు చీల్చాలి, అంటే రుద్దాలి. ప్రతి హేచరీ నిర్వహణ పుస్తకంలోనూ ఈ వరస ఉంటుంది: ట్యాంకు ఖాళీ చేయడం, రుద్దడం, క్లోరిన్ కొట్టడం, యాసిడ్‌తో కడగడం, ఎండబెట్టడం. వీటిలో మొదటి మెట్టు రుద్దడమే. అది లేకపోతే మిగిలినవన్నీ వృథా. అంటే మన ఎగుమతుల ఆరోగ్యం మొత్తం ఒక బ్రష్ మీద, దాన్ని పట్టుకున్న చేతి మీద ఆధారపడి ఉంది. పుస్తకాల్లో ఆ వాక్యాలకు కర్త ఉండడు. ‘ట్యాంకులు రుద్దబడాలి’ అని ఉంటుంది.

కర్త ఎవరు

నేను తిరిగిన చోట్ల ట్యాంకులోకి దిగే పనిలో ఎక్కువగా కనిపించింది మాల, మాదిగ వాడల ఆడవాళ్ళు, మగవాళ్ళు, మత్స్యకార కుటుంబాలవాళ్ళు, ఒడిశా నుంచి వచ్చిన వలస కూలీలు. టెక్నీషియన్, మేనేజర్, యజమాని వేరే వీధుల నుంచి వస్తారు. వరి పొలాలు రొయ్యల చెరువులైన ఊళ్ళలో నాట్లు, కలుపు, కోత పోయాయి. ఆ పనుల మీద బతికిన దళిత ఆడవాళ్ళకు మిగిలింది ప్లాంట్లలో తల తీసే పని, హేచరీల్లో కడిగే పని. కులమంటే పనుల విభజన మాత్రమే కాదు, పనిచేసే మనుషుల విభజన కూడా అని బాబాసాహెబ్ అంబేద్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వివరించాడు. రొయ్యల సాగు మన తీరానికి కొత్తగా వచ్చిన పరిశ్రమ. అయినా ఎవరు దిగాలి, ఎవరు గట్టు మీద నిలబడాలి అన్నది అది కొత్తగా కనిపెట్టలేదు.

రుద్దే మనిషికి ఎదురయ్యే ప్రమాదాలు ఇవి.

గాయాల ద్వారా సోకే జబ్బులు: బార్నకిల్ గుల్ల, రొయ్య కొమ్ము, పగిలిన సిమెంటు చేతిని కోస్తాయి. ఉప్పునీటి గాయంలోకి విబ్రియో వల్నిఫికస్ చేరితే ఒకటి రెండు రోజుల్లోనే కండరం కుళ్ళే స్థితి రావచ్చు. ఈ బాక్టీరియా సోకినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతారు. చక్కెర జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకు ముప్పు మరీ ఎక్కువ. మైకోబాక్టీరియం మెరైనమ్ అనేది నెమ్మదిగా వస్తుంది. వేళ్ళ మీద, ముంజేతి మీద గడ్డలు కట్టి నెలల తరబడి మానవు. నీటిలో పని చేస్తామని డాక్టరుకు చెప్పకపోతే అది మామూలు పుండుగానే మిగిలిపోతుంది.

రసాయనాలు: బ్లీచింగ్ పౌడర్ చల్లిన ట్యాంకును బాగా కడగకుండా యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. పై కప్పు ఉన్న హేచరీ గదిలో, నడుము లోతు ట్యాంకులో వంగి ఉన్న మనిషికి అది నేరుగా ఊపిరితిత్తులకు తగులుతుంది. ఫార్మలిన్ కళ్ళను, శ్వాసను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. రెండు పంటల మధ్య ఎండబెట్టే రోజులు తగ్గించే కొద్దీ రసాయనం మోతాదు, తొందర రెండూ పెరుగుతాయి.

మూడోది విషవాయువు. దీన్ని విడిగా చెప్పుకోవాలి.

అడుగు పొరలో పుట్టే గాలి

పొర లోపల ఆక్సిజన్ లేని లోకం ఉంటుందని పైన చెప్పుకున్నాం. అక్కడ బతికే డీసల్ఫోవిబ్రియో వంటి బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌తో శ్వాసిస్తుంది, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. మంచినీటిలో ఉండేది సాధారణంగా దీనిలో చాలా చిన్న వంతు. అంటే ఉప్పునీటి వ్యర్థాల ట్యాంకులో ఈ వాయువు తయారవడానికి ముడిసరుకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దానికి తోడు రొయ్య తలలు, పెంకులు, కడిగిన నీటిలోని ప్రోటీన్లు కుళ్ళినా ఇదే వాయువు వస్తుంది. చెరువు అడుగున నల్లమట్టి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన దీని గుర్తులే.

ఈ వాసన మనిషిని మోసం చేస్తుంది. గాలిలో పది లక్షల పాళ్ళలో 100 పాళ్ళకు చేరేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా, దిగొచ్చు అనుకుంటారు. 700 నుంచి 1000 పాళ్ళలో ఒకటి రెండు శ్వాసలకే మనిషి కూలిపోతాడు. వాయువు గాలికన్నా బరువు కాబట్టి గుంతలోనే నిలుస్తుంది. ట్యాంకు మామూలుగా కనిపిస్తున్నా, బురదను కాలితోనో పారతోనో కదిపిన క్షణంలో లోపల పట్టి ఉన్న వాయువంతా ఒక్కసారిగా పైకి వస్తుంది. పడిపోయినవాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా అలాగే పోతారు.

2017 మార్చి 30న పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు దగ్గర నల్లంవారితోటలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేసే పనిలో ఐదుగురు కార్మికులు చనిపోయారు. విషవాయువు పీల్చడమే కారణమని వార్తలొచ్చాయి. అప్పటికే అదే జిల్లాలో తుందుర్రు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మరో ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు కాలువలోకి రాకూడదని పోరాడుతున్నారు, కేసులు ఎదుర్కొంటున్నారు. కాలువ గురించి ఊరు అడిగిన ప్రశ్న, ట్యాంకులో కార్మికుడి చావు వేర్వేరు విషయాలుగా చర్చకు వచ్చాయి. సూక్ష్మజీవ శాస్త్రం దృష్టిలో అవి ఒకటే. శుద్ధి కాని వ్యర్థం బయటికి వెళ్తే కాలువను చంపుతుంది, లోపల నిల్వ ఉంటే దిగినవాణ్ణి చంపుతుంది.

చట్టం ఎక్కడుంది

ఈ రంగంలో మొదటి పెద్ద తీర్పు 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథన్ కేసులో ఇచ్చింది. పిటిషనర్ జగన్నాథన్, ఆయన భార్య కృష్ణమ్మాళ్ తమిళనాడులోని తంజావూరు, నాగపట్నం ప్రాంతంలో దళిత వ్యవసాయ కూలీలకు భూమి కోసం పనిచేసినవాళ్ళు. కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టింది. తీర నియంత్రణ మండలిలోని రొయ్యల చెరువులను తొలగించాలని, మూతపడే చోట కార్మికులకు పరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2005లో పార్లమెంటు తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, రిజిస్ట్రేషన్ చేసుకుంటే సాగు సాగేలా దారి వేసింది. 2023లో దాన్ని సవరించింది. ఆ చట్టం దృష్టి చెరువు మీద, నీటి మీద, నిషేధిత మందుల మీద ఉంది. ట్యాంకులో దిగే మనిషి దాని మధ్యలో లేడు.

2013 మాన్యువల్ స్కావెంజర్ల నిషేధ చట్టం ఉంది కదా అని మనకు అనిపిస్తుంది. దాని నిర్వచనాల్లో మురుగు కాలువ అన్నా, సెప్టిక్ ట్యాంకు అన్నా మానవ మలం ఉండాలి. రొయ్యల వ్యర్థాల ట్యాంకులో అది ఉండదు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలు, 2023 అక్టోబరు 20న 30 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. అదే వాయువు పీల్చి, అలాంటి గుంతలోనే చనిపోయిన రొయ్యల కార్మికుడి కుటుంబం ఆ ఉత్తర్వును నేరుగా చూపించి అడగలేదు. మలం స్థానంలో రొయ్య తల ఉందన్నదే తేడా.

అయితే చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్, విషవాయువు ఉండే ట్యాంకు, గుంత, పైపులోకి మనిషిని దించకూడదని చెప్పింది. దించాలంటే సమర్థుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి, లేదా శ్వాస పరికరం, బయటున్న మనిషి చేతిలో తాడు కట్టిన బెల్టు ఉండాలి. 1923 ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలులో, జంతువులను, వాటి కళేబరాలను ముట్టుకునే పనిలో సోకే జబ్బులు వృత్తి వ్యాధులుగా ఉన్నాయి. విబ్రియో గాయానికి ఆ దారిలో వాదించవచ్చు. 2020 లేబర్ కోడ్‌లు ఈ పాత చట్టాల స్థానంలోకి వచ్చాయి కాబట్టి ఘటన జరిగిన తేదీని బట్టి ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోవాలి. ప్రాసెసింగ్ ప్లాంటు ఫ్యాక్టరీ కిందికి వస్తుంది. నలుగురైదుగురు పనిచేసే హేచరీ, చెరువు గట్టు ఆ నిర్వచనంలో ఇమడడం కష్టం. పోరాటం జరగాల్సింది ఆ ఖాళీలోనే.

అడగాల్సినవి

ఘటన జరిగిన చోటికి వెళ్ళే కార్యకర్తలు ముందు ఈ విషయాలు రాసుకోవాలి: ట్యాంకులోకి దిగే ముందు గాలి పరీక్ష చేశారా? ధ్రువీకరణ పత్రం ఉందా? ట్యాంకు చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారు? బెల్టు, తాడు, శ్వాస పరికరం ఉన్నాయా? బయట కాపలా ఎవరున్నారు? దిగమని ఎవరు చెప్పారు? కూలీ ఎవరి చేతి మీదుగా అందుతోంది? దిగినవారి కులం ఏమిటి, గట్టు మీద ఉన్నవారి కులం ఏమిటి? పోస్టుమార్టంలో విషవాయువు పరీక్ష కోరారా?

విద్యార్థులకు ఇది ఖాళీగా ఉన్న పొలం. హేచరీ బయోఫిల్మ్‌లోని విబ్రియో నిరోధకత మీద పేపర్లు ఉన్నాయి. అదే ట్యాంకు రుద్దే చేతి చర్మం మీది విబ్రియోను అదే పద్ధతితో చదవవచ్చు, కార్మికుల అనుమతితో, ఫలితాలు వాళ్ళకే ముందు చెప్పే షరతుతో.

పరిష్కారాల విషయంలో మంచి మాట ఒకటుంది. రొయ్యకు మేలు చేసేవి మనిషికీ మేలు చేస్తాయి. గరుకు సిమెంటుకు నున్నటి ఎపాక్సీ పూత వేస్తే పాచి తక్కువ పడుతుంది, రుద్దడం తగ్గుతుంది. మూలలు గుండ్రంగా, అడుగు వాలుగా, మధ్యలో కాలువ ఉంటే లోపలికి దిగకుండా బయటి నుంచే కడగవచ్చు. రెండు పంటల మధ్య ట్యాంకును పూర్తిగా ఎండనిస్తే ఎండే సగం పని చేస్తుంది. వ్యర్థాల ట్యాంకులో గాలి ఆడేలా చేసి, బురదను పంపుతో తరచూ తీస్తే విషవాయువు పేరుకోదు. ఇవన్నీ తెలిసిన విషయాలే. ఇవి అమలు కాకపోవడానికి ఒక కారణం, రుద్దే చెయ్యి పూతకన్నా చవగ్గా దొరకడం.

ఈమధ్య మా మేనత్తకు నా మైక్రోస్కోప్ ఫోటోలు చూపించాను. జిగురులో గుంపులు గుంపులుగా విబ్రియో. చాలాసేపు చూసి, ‘ఇంతమంది ఉన్నారా లోపల? మాకు ఒక జత గ్లోవ్స్ కూడా ఇవ్వలేదు’ అంది. నా థీసిస్‌లో రొయ్య పిల్ల ఎంత శాతం బతికిందో లెక్కించే పట్టికలు చాలా ఉన్నాయి. ఆమె అన్న మాటకు కూడా ఒక పట్టిక చేర్చాలి.